డౌన్ సిండ్రోమ్ గురించి డాక్టర్లకు సినిమా చూపించి చర్చ పెట్టడం ఎలా?

హాలు, ప్రొజెక్టర్, స్పీకర్లు మెడికల్ కాలేజీలో ఎలాగూ ఉంటాయి. హక్కుదారుల నుంచి ప్రదర్శన అనుమతి కాగితం మీద తెచ్చుకోండి. సబ్‌టైటిల్స్ ఉన్న ప్రతినే తీసుకుని, ముందురోజు అదే హాల్లో ఆడించి చూసుకోండి. సామగ్రి గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

సినిమా ఎంపికకు నియమం ఒక్కటే. డౌన్ సిండ్రోమ్ ఉన్న పాత్రను డౌన్ సిండ్రోమ్ ఉన్న నటులే వేసి ఉండాలి. 1996లో వచ్చిన ‘ది ఎయిత్ డే’లో నటించిన పాస్కల్ డుకెన్, సహనటుడితో కలిసి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు అందుకున్నాడు. అయినా డాక్టర్లకైతే నేను 2009 నాటి స్పానిష్ సినిమా ‘యో, తంబియెన్’ చూపిస్తాను. అందులో డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరి, తోటి ఉద్యోగినిని ప్రేమించే యువకుడిగా పాబ్లో పినెడా నటించాడు. డౌన్ సిండ్రోమ్ అనగానే చాలామంది డాక్టర్లకు పసిబిడ్డే గుర్తొస్తుంది. ఇప్పుడు డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు చాలామంది 60 ఏళ్ల దాకా బతుకుతున్నారు కాబట్టి, పెద్దవాళ్ల జీవితం చూడటం డాక్టర్లకు అవసరం.

సినిమా మొత్తం వేయండి. ఉపన్యాసం మధ్యలో అతికించిన ముక్కలు వద్దు; ముక్క చూపిస్తే మనిషి పోయి లక్షణమే మిగులుతుంది. ముందుగా క్రోమోజోముల స్లైడ్ కూడా వద్దు. 21వ క్రోమోజోము అదనంగా ఉంటుందని 1959 నుంచీ తెలిసిందే, వచ్చినవాళ్లంతా చదువుకున్నదే. ఆ స్లైడ్ చూశాక కూర్చుంటే సినిమా అంతా అరచేతి గీతల్లాంటి శరీర లక్షణాలే వెతుకుతారు.

అసలు చిక్కు చర్చ దగ్గర వస్తుంది. ఎక్కువ కార్యక్రమాలు పాడయ్యేది ఇక్కడే.

డౌన్ సిండ్రోమ్ ఉన్న వ్యక్తినే వక్తగా పిలవండి. వాళ్ల అమ్మానాన్నలు పక్కన ఉండొచ్చు కానీ వాళ్ల బదులు మాట్లాడకూడదు. సినిమా, ప్రశ్నలు వారం ముందే ఇవ్వండి. మిగతా వక్తలకు ఇచ్చే పారితోషికమే ఇవ్వండి. వినికిడి లోపం ఎక్కువగా ఉంటుంది కాబట్టి మైకు వాడాలి, అడిగేవాళ్ల ముఖం మీద వెలుతురు ఉండాలి. ఒకసారికి ఒకే ప్రశ్న. అడిగాక ఆగండి. చాలామందికి మాటలో పెట్టగలిగినదానికన్నా ఎక్కువే అర్థమవుతుంది, జవాబు బయటికి రావడానికే సమయం పడుతుంది. ఆ మౌనాన్ని డాక్టర్లు భరించలేరు. ప్రశ్న మళ్లీ అడుగుతారు, లేదా అమ్మ వైపు తిరుగుతారు. రెండింటినీ చర్చ నడిపేవాళ్లు మర్యాదగా, వెంటనే ఆపాలి.

మొదట అతిథి, తర్వాత విద్యార్థులు, నర్సులు, చివర సీనియర్ ప్రొఫెసర్లు మాట్లాడాలి. ఈ వరస తప్పనివ్వకండి. ప్రొఫెసర్ ముందు మాట్లాడితే అది కేస్ డిస్కషన్ అయిపోతుంది, మిగతావాళ్లు ఆయన దారినే పోతారు. నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: “ఈ యువకుడు రేపు మీ ఓపీకి వస్తే, మీ మొదటి మాట ఎవరితో?”

ఎవరో ఒకరు తప్పకుండా “వీళ్లు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు” అంటారు. దాన్ని మెచ్చుకోలుగా వదిలేయొద్దు. ఆ నమ్మకం వల్లే డిప్రెషన్ కనిపించకుండా పోతుంది. హుషారుగా ఉండే మనిషి ముభావంగా మారితే “డౌన్ సిండ్రోమ్ కదా” అని సరిపెట్టేస్తారు. వెనుక థైరాయిడ్ తగ్గి ఉండొచ్చు, నిద్రలో ఊపిరి ఆగుతుండొచ్చు, చెవుడు పెరిగి ఉండొచ్చు, నోటితో చెప్పలేని నొప్పి ఉండొచ్చు. నడక మారితే మెడ ఎముకలు వెన్నుపామును నొక్కుతున్నాయేమో చూడాలి. వైద్యశాస్త్రం చర్చలోకి రావాల్సింది ఇక్కడే, సినిమాలో చూసిన మనిషిని పట్టుకునే.

గర్భంలో పరీక్షల ప్రస్తావన కూడా వస్తుంది. అతిథి ఎదుటే “ముందే తెలిస్తే పుట్టకుండా చూడొచ్చు కదా” అని ఎవరైనా అనవచ్చు. ఈ విషయం మాట్లాడతారా, ఆ సమయంలో హాల్లో ఉంటారా అని అతిథిని ముందే అడగండి. వద్దంటే ఆ చర్చ ఆ రోజుకు లేదని మొదట్లోనే ప్రకటించండి.