స్నేక్ సీ4: నొక్కే తొందర వద్దు

సంక్రాంతికి కోనసీమలో బావలు, బావమరుదులు ఒకే ఇంట్లో చేరితే నింటెండో స్విచ్ గేమ్ మెషీన్ చల్లారేది ఎక్కడండీ! ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్’ అనే ఫైటింగ్ గేమ్‌లో తమ పాత్రగా స్నేక్‌ని తీసుకునేవాళ్లకి ఒక మాట.

సీ4, అంటే బటన్ నొక్కితే పేలే స్నేక్ బాంబు, పెట్టగానే పేల్చేయకండి. ప్లాట్‌ఫామ్ మీదో స్టేజీ అంచునో పెట్టి, గ్రెనేడ్లతో మీ ఆట మీరు ఆడుకోండి. అది అక్కడుందని తెలిస్తే చాలు, అవతలివాడు అటు దిగడానికి జంకుతాడు. బాంబు కంటే ఆ భయమే ఎక్కువ పని చేస్తుందని నా లెక్క. మరీ ఎక్కువసేపు వదిలేస్తే మాత్రం తనంతట తనే పేలిపోతుంది.

అంచు పట్టుకుని వేలాడేవాడు పైకి లేస్తుంటే చెయ్యి దురద పెడుతుంది, ఆగండి. లేచేటప్పుడు కాసేపు వాడికి దెబ్బ తగలదు. లేచి నిలబడ్డాక నొక్కాలి.

వాడి ఒంటికే అంటించారా, దూరంగా ఉండండి. తాకితే అది మీకు అంటుకోవచ్చు, మీ పేలుడు మీకూ తగులుతుంది. ఆ తగలడంలోనే ఓ లాభం ఉంది లెండి: స్నేక్‌ని పైకి లేపే డ్రోన్ సైఫర్ అయిపోయి కింద పడిపోతుంటే గాల్లోనే సీ4 వదిలి పేల్చుకోండి, దెబ్బ తిన్నాక సైఫర్ మళ్లీ వస్తుంది. డ్యామేజీ శాతం (అది పెరిగేకొద్దీ దెబ్బకి ఎక్కువ దూరం ఎగిరిపోతారు) బాగా పెరిగాక ఈ సాహసం చేస్తే నేరుగా స్క్రీన్ బయటికే.