దాణాలో మూలికలు కలిపినా కోళ్లు కోలుకోవట్లేదా?

యాంటీబయాటిక్ మానేసి పసుపు, వెల్లుల్లి, వాము కలపడం మొదలుపెట్టిన రెండు వారాలకే చాలామంది "ఇవి పనిచేయవు" అని తేల్చేస్తారు. నన్నడిగితే తప్పు ఎక్కువసార్లు మూలికది కాదు, కలిపిన తీరుది. ఒకటి మాత్రం ముందే చెప్పాలి. మూలికలు పెట్టగలిగేది, ఎదుగుదల కోసం రోజూ దాణాలో కొద్దికొద్దిగా వేసే యాంటీబయాటిక్ స్థానంలోనే. ఐరోపా యూనియన్ 2006లో ఆపేసిందీ ఆ వాడకాన్నే. జబ్బుపడ్డ కోడికి చేసే వైద్యం వేరే సంగతి.

సమస్య: దాణా తినడం తగ్గింది

కారణం చేదు. వేపాకు, నేలవేము ఎక్కువైతే ఇలాగే అవుతుంది. తొట్టి అడుగున చేయి పెట్టి చూడండి. మొక్కజొన్న నూక ఏరుకుని తిని, ఆకుపొడిని అలాగే వదిలేసి ఉంటాయి. మోతాదు సగానికి తగ్గించి, వారం పాటు మెల్లగా పెంచండి. కాస్త నూనె పట్టిస్తే పొడి నూకకు అంటుకుంటుంది, విడిగా అడుగుకు దిగదు.

సమస్య: కొన్ని బాగున్నాయి, కొన్ని ఈసురోమంటున్నాయి

కలపడం సరిగా జరగలేదేమో చూడండి. 100 కిలోల దాణాలో అర కిలో పసుపు ఒకేసారి కుమ్మరిస్తే ఒక మూల అంతా పసుపే, ఇంకో మూల ఏమీ ఉండదు. ముందు ఆ అర కిలోను ఐదు కిలోల నూకలో, దాన్ని పాతిక కిలోల్లో, ఆ తర్వాతే మొత్తంలో కలపాలి. కుప్పలో మూడుచోట్ల నుంచి గుప్పెడు చొప్పున తీసి తెల్లకాగితం మీద పరిస్తే రంగు తేడా ఇట్టే తెలిసిపోతుంది.

సమస్య: నెల గడిచినా తేడా లేదు

పొడి డబ్బా మూత తీసి వాసన చూడండి. వాములో పనిచేసేది థైమాల్. అది గాలికి, వేడికి ఎగిరిపోతుంది. ఘాటు తగ్గిన పొడిలో ఇక పెద్దగా ఏం మిగలదు. వెల్లుల్లిది ఇంకో తమాషా. అందులో పనిచేసే అల్లిసిన్ నలగని రెబ్బలో ఉండదు, నలిపినప్పుడే పుడుతుంది, ఎక్కువసేపు నిలవదు. ఉడకబెట్టి ఆ తర్వాత నలిపితే దాదాపు పుట్టదు. పెల్లెట్ (గుళికల) దాణా తయారీలో పట్టే ఆవిరి వేడికీ ఈ ఘాటు పదార్థాలు కొంత పోతాయి. కాబట్టి కొద్దికొద్దిగా దంచుకోండి, పొడి దాణాలోనే కలపండి. బూజు వాసన వస్తే మాత్రం పారేయండి. అందులో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటే మేలుకు బదులు కాలేయం పాడవుతుంది.

సమస్య: రెట్ట పల్చన, లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచే పొట్టు) తడి

దాణాను తిట్టేముందు నిప్పుల్స్ (కోళ్లు నీళ్లు తాగే గొట్టాల మొనలు) కారుతున్నాయా, గాలి ఆడుతోందా, ఉప్పు ఎక్కువైందా చూడండి. లిట్టర్‌ను గుప్పిట్లో బిగించి వదలండి. ముద్దలాగే ఉండిపోతే తడి ఎక్కువే. ఆ తడిలో ఏ మూలికా గెలవదు. గడ్డకట్టిన చోట తీసేసి పొడి పొట్టు వేయండి.

సమస్య: రెట్టలో రక్తం

ఇక్కడ ప్రయోగాలు వద్దు, అదే రోజు పశువైద్యుణ్ణి పిలవండి. ఎక్కువగా ఇది కాక్సీడియోసిస్ అనే పేగుల జబ్బు. దాన్ని తెచ్చేది బ్యాక్టీరియా కాదు, ఐమీరియా అనే ఏకకణ జీవి. యాంటీబయాటిక్‌తో పాటు కాక్సీడియా మందునూ తెలియక ఆపేశారేమో ప్రీమిక్స్ (దాణాలో కలిపే విటమిన్లు, మందుల పొడి) సంచి మీద చదివి చూసుకోండి. మానేసేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇదే.

సమస్య: గుడ్లకు వెల్లుల్లి వాసన

మోతాదు తగ్గించండి, కొన్నాళ్లకు పోతుంది. పసుపు వేశాం కదా, సొనకు రంగు రాలేదేమని కొందరు టెన్షన్ పడతారు. ఆ రంగు వచ్చేది మొక్కజొన్న, బంతిపూల నుంచి, పసుపు నుంచి కాదు.