పాత ఫోటోల్లో బ్రిటిష్ సైనికుల టోపీ బ్యాడ్జిలు గుర్తుపట్టడం ఎలా?

మొదటి ప్రపంచ యుద్ధకాలపు పోస్టుకార్డు ఫోటోలో నిలువెత్తు మనిషి 11 సెంటీమీటర్లుంటే, అతని టోపీ మీది బ్యాడ్జి 3 మిల్లీమీటర్లుంటుంది. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే దానికి దక్కేది 35 పిక్సెళ్లే. అసలు ప్రింటునే 1200 నుంచి 2400 డీపీఐలో స్కాన్ చేసి, వివరాలు పోగొట్టని టిఫ్ (TIFF) ఫైలుగా దాచుకోండి. పుస్తకంలో అచ్చయిన బొమ్మను ఎంత పెద్దది చేసినా చుక్కలే మిగులుతాయి. ఏఐతో మెరుగులు దిద్దించొద్దు, లేని గీతలు పుట్టుకొస్తాయి.

బ్యాడ్జి మీది అక్షరాల జోలికి పోకుండా ముందు ఆకారం పట్టుకోండి. మంటలు చిమ్మే గ్రెనేడ్ అయితే ఫ్యూజిలియర్లు, లేదా గ్రెనేడియర్ గార్డ్స్ అనే పదాతి దళాలు. బూర లైట్ ఇన్‌ఫాంట్రీది, అంటే తేలికపాటి పదాతి దళానిది. చక్రంతో ఫిరంగి కనిపిస్తే రాయల్ ఆర్టిలరీ. అడ్డంగా పెట్టిన రెండు మెషిన్ గన్‌లు, పైన కిరీటం ఉంటే మెషిన్ గన్ కోర్. అది 1915 అక్టోబరులో ఏర్పడింది కాబట్టి ఫోటో అంతకుముందుది కాదు.

గ్రెనేడ్ బ్యాడ్జిల్లో తేడా అంతా గుండు మీద, అంటే మంటల కింది గుండ్రటి భాగం మీద ఉంటుంది. రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్ల గుండు మీద పులి ఒక్కటే. రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్లకైతే పులి, దాని కింద ఏనుగు. ఫోటోలో రెండూ మచ్చల్లాగే కనిపిస్తాయి. మచ్చ ఒకటా, ఒకదాని కింద ఒకటిగా రెండా అన్నది చూడాలి. ఈ మన్‌స్టర్ల మూలం ఈస్టిండియా కంపెనీ బెంగాల్ యూరోపియన్ దళం. 1758 చందుర్తి యుద్ధం, 1759 మచిలీపట్నం ముట్టడి వాళ్ల యుద్ధ గౌరవాల్లో (రెజిమెంటు ఘనతగా చెప్పుకునే యుద్ధాల జాబితాలో) ఉన్నాయి.

ఆనాటి ఫోటో ప్లేట్లకు ఎరుపు కనపడదు, నీలం ఎక్కువగా పడుతుంది. అందుకే ఇత్తడి ముదురుగా, వెండిలా మెరిసే తెల్లలోహం తెల్లగా వస్తాయి. బ్యాడ్జి వెనక ఎర్రగుడ్డ ఉంటే నల్లగా కనిపిస్తుంది. ముదురు గుండు మీద తెల్లని బొమ్మ ఉంటే అది రెండు లోహాల బ్యాడ్జి. 1916లో పొదుపు కోసం చాలా రెజిమెంట్లకు మొత్తం ఇత్తడితోనే చేసిచ్చారు. కాబట్టి తెలుపు లేనంత మాత్రాన ఆ రెజిమెంటును కొట్టిపారేయకండి.

కిరీటంతో కాలం తెలుస్తుంది. పైభాగం గుండ్రంగా ఉబ్బి ఉంటే 1901 తర్వాతి రాజుల కాలం. నడుమ లోపలికి నొక్కుకుపోయి ఉంటే విక్టోరియా కాలం, లేదా 1953 తర్వాత రెండో ఎలిజబెత్ రాణి కాలం. ఈ రెండింటి మధ్య తేడా దుస్తులే చెప్పేస్తాయి.

బొమ్మ తిరగబడిందేమో కూడా చూడండి. రేకు మీద తీసిన ఫెర్రోటైపుల్లో కుడిఎడమలు తారుమారవుతాయి. కోటు ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి, పతకాల రిబ్బన్లు ఎడమ రొమ్మున ఉండాలి.

బ్యాడ్జి తేలకపోతే భుజం మీది ఇత్తడి అక్షరాలు చూడండి. 'T', దాని కింద అంకె ఉంటే టెరిటోరియల్ (పార్ట్‌టైమ్ వాలంటీర్ల) బెటాలియన్. పిక్కలకు చుట్టుకునే గుడ్డ పట్టీల కట్టుతాడు మోకాలి కింద కట్టి ఉంటే పదాతి దళం, చీలమండ దగ్గరైతే గుర్రపు దళం లేదా ఫిరంగి దళం. ఒకే మనిషి రెండు ఫోటోల్లో రెండు బ్యాడ్జిలతో కనిపిస్తే కంగారు పడకండి. గాయపడి కోలుకున్నవాళ్లను వేరే రెజిమెంటుకు పంపడం మామూలే.