కదిలిపోయే మనిషిని గీయడానికి ఒక చిట్కా

బస్సు కోసమో రైలు కోసమో ఎదురుచూస్తున్నవారి బొమ్మ గీస్తున్నప్పుడు, మనిషి కదలగానే ఆ బొమ్మను కొట్టివేయకుండా అలాగే వదిలి, అదే కాగితంపై పక్కన మరొకటి మొదలుపెట్టడం మేలు. నిరీక్షించే మనిషి బరువును ఒక కాలి మీది నుంచి రెండో కాలి మీదికి మార్చుకుంటాడే తప్ప కొత్త భంగిమలను అంతగా వెతుక్కోడు. చాలాసార్లు కాసేపటికి మొదటి భంగిమకే తిరిగి వస్తాడు కనుక, మూడు నాలుగు అసంపూర్ణ బొమ్మలను ఒకేసారి నడుపుతూ, ఏ భంగిమ తిరిగి వస్తే ఆ బొమ్మకు రెండు గీతలు చేర్చవచ్చు.

ముఖంతో ఆరంభించడం, నా దృష్టిలో, అన్నింటికన్నా పెద్ద పొరపాటు. మొదటి 30 సెకన్లలో తల వంపును, భుజాల వాలును, బరువు మోస్తున్న పాదాన్ని మాత్రమే గుర్తించాలి. ఒంటికాలిపై బరువు మోపినప్పుడు ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం సాధారణంగా కిందికి దిగుతుంది. మెడ గుంట (గొంతు కింద ముందువైపు ఉండే పల్లం) నుంచి నిలువుగా దించిన ఊహారేఖ బరువు మోస్తున్న పాదం దగ్గరే పడుతుంది. ఇవి కుదిరితే కళ్లూ ముక్కూ లేకపోయినా తెలిసినవారు ఆ మనిషిని పోల్చుకోగలరు.

రబ్బరును ఇంట్లోనే వదిలివెళ్లండి (చెరుపుతున్నంతసేపూ చూపు కాగితం మీదే చిక్కుకుంటుంది). ఎవరైనా గమనించి ఇబ్బంది పడుతున్నట్లు అనిపిస్తే మరొకరిని ఎంచుకోవాలి.