భౌగోళిక గుర్తింపు కోరే ఊరు ముందుగా రాసుకోవలసినది

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నరసాపురం లేసు అల్లికలకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని తెలిపే పేరుకు చట్టం ఇచ్చే రక్షణ) లభించాక, గోదావరి డెల్టాలోని తక్కిన ఊళ్లవారికి కూడా తమ సరుకుకు అదే ముద్ర వేయించుకోవాలని అనిపించడం సహజమే. అయితే ఆ గుర్తింపు కాపాడేది పేరును, పనితనాన్ని కాదు. రేకు తీసే విద్యను ఎవరు ఎక్కడ నేర్చుకొని చేసినా భౌగోళిక గుర్తింపుల చట్టం అడ్డుపడదు. డబ్బా మీద ఆత్రేయపురం పేరు వేసుకుంటేనే అడ్డుపడుతుంది. ఆ విద్యను ఎవరో తమ ఆవిష్కరణగా చెప్పుకొని పేటెంటు తీసుకోకుండా మన దేశంలో ఆపేది పేటెంట్ల చట్టంలోని 3(పి) సెక్షను; సంప్రదాయ విజ్ఞానం ఆవిష్కరణ కాదని అది చెబుతుంది. గాయాలు మానడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించగలిగింది. చూపించడానికి కాగితం ఉన్నందువల్లనే అది సాధ్యమైంది కనుక, దరఖాస్తు సంగతి ఎలా ఉన్నా, రాసిపెట్టుకోవడం ముందు జరగాలి.

1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం దరఖాస్తు చేయవలసినది ఉత్పత్తిదారుల సంఘం గాని, వారి ప్రయోజనాలకు ప్రాతినిధ్యం వహించే సంస్థ గాని. ఒక్క దుకాణదారు తన సొంతానికి అడిగితే కుదరదు. సంఘం తమ అందరి తరఫున ఎలా మాట్లాడగలదో తెలిపే ప్రమాణ పత్రాన్ని కూడా జతచేయాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టవలసినది సరుకు వివరణ మీద. నేను చూసిన ఒక ముసాయిదాలో ‘సంప్రదాయ పద్ధతిలో రుచికరంగా తయారుచేయబడును’ అన్న ఒక్క వాక్యమే ఉంది. ఆ మాట జంతికలకూ సరిపోతుంది. అసలు రాయవలసినది పొయ్యి దగ్గర కూర్చుంటే కనబడుతుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పలుచగా రుబ్బిన బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ, దాన్ని కుండ వీపు మీద పరిచి లాగే ఒక్క క్షణం, అంతలోనే పొరలా లేచివచ్చే రేకు. బియ్యం ఏ రకం, ఎంతసేపు నానాలి, కుండ ఎక్కడ చేసినది, మంట ఎక్కువైతే రేకు ఏమవుతుంది అన్నవి ఆ పని చేసే స్త్రీలను అడిగి, వారి మాటల్లోనే రాసుకొని, తరువాత చట్టభాషలోకి మార్చడం మంచిది. ఈ పత్రం బహిరంగమవుతుంది కాబట్టి ఏ కుటుంబమైనా దాచుకున్న కిటుకు ఉంటే దాన్ని ఇందులో పెట్టనక్కరలేదు.

సరుకు తయారయ్యే ప్రాంతాన్ని చూపే పటంలో గీసే హద్దు దగ్గర తగాదాలు తప్పవు. ఏటి అవతలి ఊరిని కలుపుకోవాలా వద్దా అన్నది దరఖాస్తుకు ముందే తేల్చుకోకపోతే, ఆ ఊరివారే అభ్యంతరంతో ఎదురురావచ్చు. చరిత్రను ఉన్నది ఉన్నట్లే రాయాలి. లేసు అల్లికను పంతొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పారన్న సంగతి నరసాపురం గుర్తింపుకు అడ్డు కాలేదు; వేల ఏళ్ల నాటిదని బొంకవలసిన అవసరం ఎవరికీ లేదు.

జీఐ-1 నమూనాలో నింపిన దరఖాస్తు చెన్నైలోని జీఐ రిజిస్ట్రీకి చేరాక నిపుణుల పరిశీలన జరుగుతుంది, ఆపైన రిజిస్ట్రీ వారి జీఐ పత్రికలో ప్రకటన వస్తుంది. అభ్యంతరాలకు మూడు నెలలు గడువు, దానిని మరొక నెల పెంచే వీలుంది. నమోదు పదేళ్లు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి.

విదేశీ విపణిపై ఆశ ఉన్నవారు గమనించవలసింది ఒకటుంది. 1995 నుంచి అమలులో ఉన్న ట్రిప్స్ ఒప్పందం (మేధోసంపత్తి హక్కులపై ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం) సారా, ద్రాక్షసారాలకు ఇచ్చినంత గట్టి రక్షణను తినుబండారాలకూ చేతిపనులకూ ఇవ్వలేదు. ఈ తేడా సరికాదని భారత్ సహా అనేక దేశాలు వాదిస్తూనే ఉన్నాయి. స్వదేశంలో రక్షణ లేని పేరును కాపాడే బాధ్యత ఇతర దేశాలకు లేదని కూడా ఆ ఒప్పందమే చెబుతోంది కనుక, చెన్నై నమోదు మొదటి మెట్టు. ఆపైన ఏ దేశంలో అమ్ముతామో అక్కడి చట్టం కింద విడిగా అడగాలి.

ఇంతా చేసి చాలా సంఘాలు ధ్రువపత్రాన్ని పటం కట్టించి ఆగిపోతాయి. ఆ పేరు వాడుకోవడానికి ప్రతి ఒక్కరూ అధీకృత వినియోగదారుగా జీఐ-3 నమూనాలో విడిగా నమోదు కావాలి. చట్టంలో ఉత్పత్తిదారు అన్న మాటకు సరుకుతో వ్యాపారం చేసేవాడు కూడా వస్తాడు. అంటే ఇంట్లో కూర్చొని అల్లే స్త్రీ పేరు లేకుండానే ఎగుమతిదారు పేరు జాబితాకెక్కవచ్చు. అందువల్ల సంఘం ఇంటింటికీ తిరిగి, కుండ దగ్గర, సూది దగ్గర ఉన్నవారి దరఖాస్తులను ముందు నింపించి, వ్యాపారులవి ఆ తరువాతే తీసుకోవాలి.