వైజాగ్ ఉక్కలో ప్లాస్టర్ అచ్చులు: ఏ పొడి కొనాలి, ఎన్ని నీళ్ళు పోయాలి

హార్డ్‌వేర్ షాపుకెళ్ళి పీవోపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఉందా అంటే ఒక బస్తా తీసి ఇచ్చీస్తారు, దేనికి అని వాళ్ళు అడగరు, మనమూ చెప్పం, సగం పనులు అక్కడే చెడిపోతాయి. నేను మట్టి బొమ్మలకి అచ్చులు తీయడం మొదలుపెట్టినప్పుడు అన్నీ ఒకటే తెల్ల పొడి అనుకునేదాన్ని. కాదండి, చాలా తేడా ఉంది.

ముందు ఇది లోపల ఏం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. జిప్సం రాయిని 150 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులో ఉన్న నీటిలో ముప్పావు వంతు ఎగిరిపోయి మిగిలే పొడే మన ప్లాస్టర్. మనం నీళ్ళు కలిపితే పోయిన నీళ్ళని మళ్ళీ పట్టుకుని సూదుల్లాంటి స్ఫటికాలుగా అల్లుకుని రాయైపోతుంది, అందుకే వేడెక్కుతుంది కూడా. దీనికి నిజంగా కావలసింది 100 గ్రాముల పొడికి 19 గ్రాముల లోపు నీళ్ళే, కానీ అన్నే పోస్తే కలపలేం, కాబట్టి ఎక్కువ పోస్తాం. ఆ ఎక్కువ నీళ్ళు ఆరిపోయాక వాటి చోట సన్న సన్న రంధ్రాలు మిగుల్తాయి. నీళ్ళు ఎక్కువైతే రంధ్రాలు ఎక్కువ, అచ్చు తడి బాగా పీలుస్తుంది కానీ మెత్తగా ఉంటుంది. తక్కువైతే గట్టిగా ఉంటుంది కానీ పీల్చదు. కాబట్టి మీ అచ్చు తడి పీల్చాలా గట్టిగా నిలబడాలా అన్నది ముందు తేల్చుకోండి.

పలచటి మట్టి పోసి కప్పులూ బొమ్మలూ చేసే స్లిప్ కాస్టింగ్ అచ్చు అయితే పీల్చాలి, దానికి పాటరీ ప్లాస్టర్ అని అడగండి, మన ఊళ్ళో అడిగిన వెంటనే దొరకడం కష్టం, నేనైతే ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటాను. ఫాల్స్ సీలింగ్ వాళ్ళు వాడే మామూలు పీవోపీ శిల్పాల కాస్టింగ్‌కీ నేర్చుకోడానికీ చక్కగా పనికొస్తుంది. గోడలకి పూసే జిప్సం ప్లాస్టర్ మాత్రం వద్దు, మేస్త్రీకి టైము దొరకాలని అందులో గట్టిపడడాన్ని ఆలస్యం చేసే మందులు కలుపుతారు, అచ్చు పనికి అవి అడ్డం. వాల్ పుట్టీ అయితే అసలు ఈ జాతే కాదు. ఇక చిన్న మెడల్స్, నగల నమూనాలు, సన్నటి చెక్కుడు ఉన్నవాటికి డెంటల్ స్టోన్ చాలా బాగుంటుంది, పళ్ళ డాక్టర్లకి సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. అదీ జిప్సమే, కాకపోతే ఆవిరి ఒత్తిడిలో కాల్చింది, 100 గ్రాములకి 30 మి.లీ. నీళ్ళు చాలు, అందుకే అంత గట్టి. ఖరీదు ఎక్కువ, తడి పీల్చదు, దాంతో స్లిప్ అచ్చు చేయకండి.

మన వైజాగ్‌లో అసలు సమస్య తేమ. ఒక వర్షాకాలం సగం బస్తా మెట్ల కింద మూతి కట్టి పెట్టాను, రెండు నెలలకి తీసి చూస్తే పొడిలో చిన్న చిన్న ఉండలు, జల్లించి వాడితే అచ్చు గోరుతో గీస్తే రాలిపోయింది. గాల్లో తడి తాగీసిన ప్లాస్టర్‌ని మళ్ళీ బాగుచేయలేం. అందుకే కొన్న రోజే మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములోకి మార్చీసి, నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి, రెండు మూడు నెలల్లో అయిపోయేంతే కొనండి. అనుమానం ఉంటే 100 గ్రాముల పొడికి 70 మి.లీ. నీళ్ళతో ఒక టీ గ్లాసులో కలిపి చూడండి, అరగంటకి వేడెక్కి గట్టిపడకపోతే దాన్ని ముఖ్యమైన పనికి వాడకండి.

నీళ్ళు కూడా చూసుకోవాలి. బీచ్ దగ్గర కొన్ని బోర్లలో ఉప్పు నీళ్ళు వస్తాయి కదా, ఉప్పు తగిలితే ప్లాస్టర్ గబుక్కున గట్టిపడిపోతుంది, పైగా ఆరాక తెల్లగా ఉప్పు పైకి పొంగుతుంది. పిల్లల్ని తీసుకెళ్ళి భీమిలి ఇసుకలో గుంట తీసి, గవ్వలు అద్ది ప్లాస్టర్ పోయడం చాలా ముచ్చటైన పని, కానీ కలపడానికి ఇంటి నుంచి మంచినీళ్ళు తీసుకెళ్ళండి, సముద్రం నీళ్ళు ముంచకండి.

ఇప్పుడు కొలత. కళ్ళతో అంచనా వేసి పోసే పద్ధతి వదిలీండి, వంటింటి డిజిటల్ కాటా చాలు. స్లిప్ అచ్చుకి 100 గ్రాముల పొడికి 70 గ్రాముల నీళ్ళు. అచ్చు పెట్టె ఒక లీటరు పడుతుందనుకుంటే దగ్గరదగ్గర 930 గ్రాముల పొడి, 650 మి.లీ. నీళ్ళు సరిపోతాయి. ఎప్పుడూ నీళ్ళలోకే పొడి జల్లాలి, పొడిలోకి నీళ్ళు కాదు. వేళ్ళ సందుల్లోంచి రాల్చినట్టు కొంచెం కొంచెం జల్లి, రెండు నిమిషాలు అసలు ముట్టుకోకుండా నాననివ్వండి, బుడగలు వాటంతటవే పైకొస్తాయి. తర్వాత చెయ్యి అడుగున ఉంచి నెమ్మదిగా రెండు మూడు నిమిషాలు కలపండి, మజ్జిగ చిలికినట్టు చిలక్కండి, గాలి చేరిపోతుంది. చేతికి గ్లౌజు ఉండాలి. గట్టి మజ్జిగలా ఉన్నది దోసెల పిండి వైపు వస్తోంది అనిపించగానే పోసీయాలి. ఎక్కువసేపు కలిపితే తొందరగా గట్టిపడుతుంది, పాత ప్లాస్టర్ ముక్కలున్న బకెట్ అయినా అంతే, మే నెల ట్యాంకు నీళ్ళు వేడిగా ఉన్నా అంతే, అప్పుడు కుండ నీళ్ళు వాడండి.

మొదటి అచ్చుకి మామిడికాయ తీసుకోండి, శంఖం వద్దు. శంఖానికి లోపలికి తిరిగిన వంపులుంటాయి, గట్టి అచ్చులోంచి అది బయటికి రాదు. మామిడికాయకి చుట్టూ బాగా ఉబ్బిన చోట పెన్సిల్‌తో గీత గీసి, ఆ గీత దాకా బంకమన్నులో పడుకోబెట్టండి. చుట్టూ నాలుగు వైపులా సన్‌మైకా షీటు ముక్కలు నిలబెట్టి సందులు మట్టితో మూసీండి, కాయకీ గోడకీ మధ్య నాలుగు సెంటీమీటర్లు వదలాలి. కాయకి పలచగా వేజలీన్ రాయండి. ప్లాస్టర్ కాయ మీద కాకుండా ఒక మూల నుంచి పోస్తే అదే నింపుకుంటూ పైకొస్తుంది, పోశాక బల్లని పిడికిలితో తట్టండి. గట్టిపడ్డాక తిరగేసి మట్టి తీసీసి, అంచుల్లో మూడు చోట్ల నాణెంతో తిప్పి గుంటలు చేయండి, రెండు సగాలు సరిగ్గా కూర్చోడానికి అవే ఆధారం. పోత పోసే దారి కోసం తొడిమ దగ్గర ఒక మట్టి ముద్ద పెట్టండి.

రెండో సగం పోసే ముందు సబ్బు. దీన్ని తేలిగ్గా తీసుకుంటే రెండు సగాలూ అతుక్కుని ఒకే రాయైపోతాయి, ఇక సుత్తి తప్ప దారి లేదు. మెత్తని సబ్బు వేడి నీళ్ళలో కరిగించి బ్రష్‌తో రాసి, తుడిచి, మళ్ళీ రాసి, ఇలా మూడు నాలుగు సార్లు, చేత్తో రాస్తే నున్నగా జారేదాకా. స్లిప్ అచ్చులో నూనె గానీ వేజలీన్ గానీ మిగలకూడదు, రంధ్రాలు పూడిపోయి అక్కడ మట్టి అంటుకుపోతుంది.

వేడెక్కి మళ్ళీ చల్లబడ్డాకే విప్పండి, ముప్పావు గంట అనుకోండి. ఆరబెట్టడం ఇంకా పెద్ద పని, మన గాల్లో వారం పది రోజులు పడుతుంది, వానల్లో ఇంకా ఎక్కువ. రెండు సగాలూ కలిపి రబ్బరు బ్యాండ్లు వేసి, కింద గాలి ఆడేలా పుల్లల మీద పెట్టి ఫ్యాను వేయండి, ఏసీ గది అయితే మరీ మంచిది. స్టవ్ మీదా ఓవెన్‌లోనా వద్దు, 45 డిగ్రీలు దాటితే పట్టుకున్న నీళ్ళు మళ్ళీ వదిలీసి సుద్దలా అయిపోతుంది. రోజూ తూచండి, బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు. కాటా లేకపోతే చెంపకి ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది.

ఆ అచ్చులోనే ప్లాస్టర్ బొమ్మ పోయాలంటే మళ్ళీ సబ్బే, పెద్ద బొమ్మైతే మొదటి పొర పోశాక కొబ్బరి పీచు ప్లాస్టర్‌లో ముంచి అద్దండి, సీలింగ్ పనివాళ్ళు చేసేది అదే, పగుళ్ళు రావు. రంగులు పూర్తిగా ఆరాకే, తడి మీద ఎనామిల్ వేస్తే పొక్కులొస్తాయి. బయట తోటలో మాత్రం పెట్టకండి, మన వానకి ఏడాదిలో ముక్కూ చెవులూ అరిగిపోతాయి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను, చెయ్యి గానీ కాలు గానీ ప్లాస్టర్‌లో ముంచి అచ్చు తీయకండి. 2007లో ఇంగ్లండ్‌లో 16 ఏళ్ళ అమ్మాయి స్కూల్లో చేతులు బకెట్టులో పెట్టి ఆ వేడికి వేళ్ళు దాదాపు అన్నీ పోగొట్టుకుంది. పాపాయి చేతి అచ్చు కావాలంటే పళ్ళ డాక్టర్లు వాడే ఆల్జినేట్ పొడితో తీసి, చెయ్యి తీసేశాకే అందులో ప్లాస్టర్ పోయండి. పొడి జల్లేటప్పుడు మాస్కు పెట్టుకోండి. మిగిలింది సింకులో పారబోస్తే పైపులోనే గట్టిపడుతుంది, మెత్తటి ప్లాస్టిక్ బకెట్లో వదిలీసి గట్టిపడ్డాక పక్కల నొక్కితే ఊడొస్తుంది, చేతులు కడిగిన నీళ్ళు రాత్రంతా తేర్చి పైనున్నవి వంపీసి అడుగు ముద్దని చెత్తలో వేయండి.