పిల్లి బొచ్చు జడలు కడితే అర టీస్పూన్ కార్న్‌ఫ్లోర్

కడపలో నా దగ్గరికి గ్రూమింగ్‌కు వచ్చే పర్షియన్ పిల్లుల్లో చాలావాటికి చంకల్లో, చెవుల వెనక బొచ్చు జడలు కట్టి ఉంటుంది. దువ్వెన పెడితే చాలు, గీరి పారిపోతాయి పాపం.

ముందుగా స్నానం చేయించకండి. తడిస్తే ముడి ఇంకా బిగుస్తుంది. పొడి బొచ్చు మీదే అర టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ చల్లి, ముడిలోకి దిగేలా వేళ్లతో రుద్దండి. టాల్కం పౌడర్ వద్దు, పిల్లి పీల్చుకుంటుంది, నాకుతుంది కూడా. ముడికీ చర్మానికీ మధ్య బొచ్చును ఎడమచేతి వేళ్లతో గట్టిగా పట్టుకోండి, అప్పుడు చర్మం లాగదు. కొసల నుంచి కొంచెం కొంచెం విడదీశాకే, పళ్లు ఎడంగా ఉన్న స్టీలు దువ్వెన. మిగిలిన పిండి బాగా దులిపేయండి.

తిండి తిని కునుకు తీసే వేళ, కిటికీ దగ్గర పాత తువాలు పరిచి చేస్తే బాగా ఒప్పుకుంటాయి. పూటకు ఒక్క ముడే. తోక విసరడం మొదలుపెడితే ఆపేయండి.

ముడి కింద వేలు దూరకపోతే ఇది పనిచేయదు. కత్తెర మాత్రం పెట్టొద్దు, పిల్లి చర్మం పల్చన, ముడితోపాటే లేచొచ్చి తెగుతుంది. అలాంటి ముడిని క్లిప్పర్‌తో, అంటే బొచ్చు తీసే మిషన్‌తో తీయించాల్సిందే.